రేణిగుంట, కరకంబాడి, మంగళం, తిరుచానూరు: ఫ్యాక్టరీ ఉద్యోగులు ఇల్లు ఎక్కడ చూసుకోవాలి?

మా బామ్మర్దికి తిరుపతి పక్కన రేణిగుంట విమానాశ్రయం దగ్గర ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీలో ఉద్యోగం వచ్చి రెండేళ్లయింది. ఇన్నాళ్లూ ఇంకో ముగ్గురు కుర్రాళ్లతో కలిసి ఒక రూములో సర్దుకున్నాడు. మొన్న ఫాల్గుణంలో పెళ్లయింది, ఇక ఇల్లు చూసుకోవాలి. అద్దెకు తీసుకోవాలా, స్థలం కొనాలా, ఏ ఊళ్లో అయితే బాగుంటుంది అన్నది తేలక "బావా, యాడ తీసుకోమంటావు?" అని రోజు మార్చి రోజు ఫోను.

వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. పీలేరు, పుత్తూరు, రాజంపేట, వెంకటగిరి నుంచి వచ్చి ఈ ఫ్యాక్టరీల్లో చేరేవాళ్లకు ఒకటి రెండేళ్లలో ఇదే ప్రశ్న ఎదురవుతుంది. నేను 2006లో పీలేరు పక్కన పల్లె నుంచి వచ్చాను. మూడేళ్లు రేణిగుంటలో, ఆరేళ్లు మంగళంలో అద్దెకున్నాను. 2015లో కరకంబాడి వైపు స్థలం కొని ఇల్లు కట్టుకున్నాను. మా చెల్లెలు కాపురం తిరుచానూరులో. కాబట్టి ఈ నాలుగు చోట్లా బిందె పట్టుకుని నీళ్ల కోసం నిలబడిన అనుభవం మా ఇంట్లో ఉంది.

పల్లె శివారుగా మారితే ఏమవుతుంది

కరకంబాడి ఒకప్పుడు పాలెగాళ్ల ఊరు. శేషాచలం కొండల కింద, కడపకు వెళ్లే దారిలో ఉన్న పల్లె. 1985లో పుట్టిన అమరరాజా సంస్థ ఇక్కడ బ్యాటరీల ఫ్యాక్టరీ పెట్టాక ఊరి నడక మారింది. అంతవరకూ ఎద్దుల బండ్లు నడిచిన దారిలో షిఫ్టు బస్సులు తిరగడం మొదలైంది. 2015 అక్టోబర్ 22న, దసరా రోజు, రేణిగుంట విమానాశ్రయంలో కొత్త టెర్మినల్ ప్రారంభించారు. మొబైల్, ఎలక్ట్రానిక్స్ తయారీ హబ్‌కు ప్రధాని శంకుస్థాపన చేసిందీ ఆ రోజే. మా ఇంటికి ద్వారబంధం నిలబెట్టింది కూడా ఆ దసరాకే. గడపకు పసుపు పూస్తుంటే మేస్త్రీ "ఇంక ఈడ అంకణం రేటు పట్టుకోలేం సార్" అన్నాడు. అంకణం అంటే మనవైపు స్థలం కొలత. అన్నట్టే అయింది. తర్వాత ఏర్పేడు మండలం వికృతమాల దగ్గర రెండో ఎలక్ట్రానిక్స్ క్లస్టర్ వచ్చింది. ఐఐటీ, ఐసర్ విద్యాసంస్థలు కూడా ఏర్పేడు వైపే వచ్చాయి.

ఇలా మారిన ప్రతి ఊళ్లోనూ ఇప్పుడు మూడు ఊళ్లుంటాయి. ఒకటి పాత ఊరు: నడివీధి, గంగమ్మ గుడి, వేపచెట్టు, ఆనుకుని ఆనుకుని కట్టిన ఇళ్లు. రెండోది మెయిన్ రోడ్డు వెంట లేచిన షాపులు, వాటిమీద అద్దె గదులు. మూడోది పొలాల్లో వేసిన లేఅవుట్లు. బ్రోకరు మూడింటికీ ఒకే పేరు చెబుతాడు, "కరకంబాడిలో సార్" అంటాడు. కానీ నీళ్లు, దారి, కాగితం, వాన, అన్నీ మూడుచోట్లా మూడు రకాలుగా ఉంటాయి. అందుకే ఏ ఊరు అన్నది ఎంత ముఖ్యమో, ఆ ఊళ్లో ఏ భాగం అన్నది అంతకంటే ముఖ్యం.

దేన్నిబట్టి చూడాలి

చాలామంది రెండే చూస్తారు: కంపెనీకి ఎంత దూరం, రేటు ఎంత. ఆ రెండూ చూడాల్సినవే. నేనైతే వాటితో పాటు ఇవి కూడా చూడమంటాను.

షిఫ్టు దారి. పగలు పది నిమిషాల్లో పోయే రోడ్డు వేరు, బి షిఫ్టు దిగి రాత్రి పదిన్నరకు వచ్చే రోడ్డు వేరు. ఇల్లు చూడటానికి ఆదివారం మధ్యాహ్నం వెళ్లకండి. మీ షిఫ్టు వదిలే వేళకు బండి మీద ఆ దారిలో ఒకసారి రండి. లైట్లున్నాయా, లారీలు ఎట్లా వస్తున్నాయి, కుక్కలు ఎన్ని వెంటపడుతున్నాయి, అన్నీ అప్పుడే తెలుస్తాయి. మీ భార్య కూడా షిఫ్టుకు వెళ్లేట్టయితే కంపెనీ బస్సు ఎక్కడ ఆగుతుంది, ఆ స్టాపు నుంచి ఇంటికి ఎంత నడవాలి అన్నది మొట్టమొదట చూడాలి.

నీళ్లు. ఇక్కడ నీళ్లు రెండు రకాలు: వాడుకకు, తాగడానికి. తిరుపతి నగరానికి కల్యాణి డ్యామ్, తెలుగుగంగ నీళ్లు వస్తాయి. శివారు పంచాయతీల్లో చాలావరకు బోర్లే ఆధారం. ఓనరును అడిగితే "24 గంటలూ వస్తాయి" అనే చెబుతాడు. పక్కింటి ఆవిడను మే నెలలో ఎట్లా ఉంటుందని అడగండి. ఆ వీధిలో ఎంతమంది 20 లీటర్ల క్యాన్ కొంటున్నారో పొద్దున ఏడింటికి నిలబడి చూడండి. గోడ మీద, కుళాయి కింద తెల్లటి చార పేరుకుని ఉంటే ఆ బోరు నీళ్లు ఉప్పు నీళ్లే అనుకోండి.

నేల చరిత్ర. ఇప్పుడు ప్లాటుగా ఉన్నచోట ఇరవై ఏళ్ల కిందట ఏముండేది? మిట్టా, మడా, చెరువు లోపలి భాగమా, వాన నీళ్లు పారే వంకా? మనవైపు గట్టి వానలు ఎక్కువగా అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడతాయి. మిగతా తొమ్మిది నెలలూ వంక ఎండిపోయి, ముళ్లకంప మొలిచి, మామూలు ఖాళీ జాగాలాగే కనబడుతుంది. మోసం జరిగేది అక్కడే.

కాగితం. దీని గురించి కింద విడిగా రాస్తాను, ఒక్క మాటలో తేలేది కాదు.

పిల్లల చదువు, పెద్దవాళ్ల ఆరోగ్యం. రుయా, స్విమ్స్ ఆస్పత్రులు రెండూ తిరుపతిలో అలిపిరి వైపున్నాయి. అర్ధరాత్రి అమ్మకు ఛాతీలో నొప్పి అంటే ఎన్ని నిమిషాల్లో అక్కడికి చేర్చగలరు అన్నది లెక్క వేసుకోండి.

రేణిగుంట

కొత్తగా చేరిన కుర్రాడికి రేణిగుంటను మించింది లేదు. ఇది రైలు వల్ల పెరిగిన ఊరు. చెన్నై, గూడూరు, కడప, తిరుపతి, నాలుగు వైపులకూ ఇక్కణ్ణుంచి రైళ్లు వెళ్తాయి. శనివారం షిఫ్టు దిగి నేరుగా రైలెక్కి ఊరికి పోవచ్చు. నేనున్న మూడేళ్లలో అమ్మ పంపిన ఊరగాయ జాడీ ఏనాడూ ఖాళీ కాలేదంటే కారణం ఆ స్టేషనే. విమానాశ్రయం వైపు కంపెనీలకు దగ్గర. రాత్రి పన్నెండుకు కూడా టీ, టిఫిన్ దొరుకుతుంది. అద్దెకు గదులు చాలా ఉంటాయి, పెళ్లికాని కుర్రాళ్లకు ఇవ్వడానికి ఇక్కడ ఎవరూ వెనకాడరు.

కాపురం పెట్టాక లెక్క మారుతుంది. వేసవిలో ఇక్కడ ఎండ మామూలుగా ఉండదు, పై అంతస్తు రేకుల గదిలో రాత్రి కూడా గోడలు చల్లబడవు. లారీల రద్దీ, దుమ్ము ఎక్కువ. నేనున్న వీధిలో బోరు నీళ్లకు సబ్బు నురుగు వచ్చేది కాదు. పిల్లల్ని మంచి బడిలో వేయాలన్నా, స్పెషలిస్టు డాక్టరును చూడాలన్నా మళ్లీ పది కిలోమీటర్లు తిరుపతికి పోవాల్సిందే. కొనాలనుకునేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి: విమానాశ్రయం చుట్టుపక్కల కట్టడాల ఎత్తుకు పరిమితులుంటాయి. రెండంతస్తుల ఇంటికి ఇబ్బంది ఉండకపోవచ్చు గానీ, అపార్టుమెంటులో ఫ్లాటు కొనేటప్పుడు బిల్డరు ఆ అనుమతి తీసుకున్నాడో లేదో అడిగి, కాగితం చూడండి.

కరకంబాడి

నేను ఉండేది ఇక్కడే కాబట్టి ఎక్కువ చెప్పగలను, మంచీ చెడూ రెండూ.

మంచి ఏమిటంటే, తిరుపతికి, రేణిగుంటకు రెండిటికీ అందుబాటులో ఉంటుంది. భార్యాభర్తల్లో ఒకరు ఫ్యాక్టరీలో, ఒకరు తిరుపతిలో పనిచేసే ఇళ్లకు ఇంత కుదిరిన చోటు ఇంకోటి లేదు. కొండ దగ్గర కావడంతో సాయంత్రం గాలి చల్లగా వస్తుంది. మామండూరు వైపు అడవి, పొద్దున లేస్తే ఎదురుగా శేషాచలం. రేణిగుంట నుంచి వచ్చినవాళ్లకు ఆ తేడా మొదటి రాత్రే తెలుస్తుంది. అడవి దగ్గరంటే పాములుంటాయి, చిరుత తిరిగిందన్న వార్తలు తిరుపతి అంచుల్లో అప్పుడప్పుడు వింటూనే ఉంటాం. చివరి వీధిలో ఇల్లు తీసుకునేవాళ్లు పిల్లల్ని మసక వేళ బయట ఒంటరిగా వదలకూడదు.

పాత ఊళ్లో అద్దె తక్కువ, మనిషికి మనిషి తోడు ఎక్కువ. మా ఆవిడ పురిటికి పుట్టింటికి పోలేని పరిస్థితి వస్తే పాత ఊరి అవ్వ ఒకామె పదకొండు రోజులు బాలింతకు పెట్టే కాయం మందు చేసి తెచ్చి పెట్టింది. అలాంటి పొత్తు లేఅవుట్లో దొరకడానికి ఏళ్లు పడుతుంది. కానీ పాత ఊళ్లో కారు తిరగదు, బండి పెట్టుకోను జాగా ఉండదు. ఎవరు ఏ కులం, ఎవరి బంధువు అన్న ఆరా ఇంకా ఉంది. ఇల్లు చూడటానికి పోయినప్పుడు నన్ను పేరు కంటే ముందు అదే అడిగారు. దాన్ని నేను సమర్థించను, కానీ అద్దెకు వచ్చేవాళ్లకు ఎదురవుతుంది కాబట్టి చెప్పడం నా బాధ్యత.

లేఅవుట్ల సంగతి నా అనుభవంతోనే చెబుతాను. 2015లో నాకు ప్లాటు అమ్మిన మధ్యవర్తి ముప్పై అడుగుల రోడ్డు, మూలలో పార్కు, బోరు, అన్నీ చూపించాడు. నేను వెళ్లింది ఏప్రిల్‌లో. నేల ఎండి బీటలు వారి ఉంది. మా వీధి కాస్త పల్లంగా ఉందని అనిపించింది గానీ, మట్టి తోలితే సరిపోతుందిలే అనుకున్నాను.

2021 నవంబర్ 18 రాత్రి. తిరుపతి అంతా మునిగిన ఆ వాన చాలామందికి గుర్తుండే ఉంటుంది. నేను సి షిఫ్టులో, అంటే రాత్రి డ్యూటీలో ఉన్నాను. పదకొండున్నరకు మా ఆవిడ ఫోను చేసి "గేటు కింద నుంచి నీళ్లొస్తున్నాయి" అంది. పన్నెండుకు "వంటింట్లో గ్యాస్ సిలిండర్ తేలుతోంది" అంది. నేను ఇల్లు చేరేసరికి తెల్లవారింది. పిల్లలిద్దరూ మంచం మీద కుర్చీ, కుర్చీ మీద వాళ్లు. వీధిలో నీళ్లు నిలవలేదు, పారుతున్నాయి. పై నుంచి కిందికి, తోవ తెలిసినట్టు, మా కాంపౌండు గోడను ఒరుసుకుంటూ పోతున్నాయి.

మూడో రోజు బురద ఎత్తుతుంటే పాత ఊరి ముసలమ్మ ఒకామె మేకను తోలుకుంటూ వచ్చి ఆగింది. "ఈడ వంక పారేది నాయనా. మీ వీధి చివర బండ మీదనే మేము గుడ్డలు ఉతికేవాళ్లం" అంది. వెళ్లి చూశాను. ఆ బండ ఇప్పటికీ ఉంది. ఒక ఇంటివాళ్లు వాకిట్లో మెట్టుగా వేసుకున్నారు. మధ్యలో గుడ్డ బాది బాది నున్నగా అరిగిపోయి, చేత్తో తడిమితే అద్దంలా జారుతుంది. ఆరేళ్లుగా రోజూ ఆ బండ పక్క నుంచే బండి మీద పోయాను. ఇదేమిటని ఒక్కసారి ఎవర్నైనా అడిగి ఉంటే ఆమె చెప్పిన మాట ముందే తెలిసేది.

తర్వాత సర్వేయరు దగ్గర మా సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ స్కెచ్, అంటే సర్వే వాళ్ల కొలతల పటం, తీయించాను. మా ప్లాటు పక్కనే రెండు వంకర గీతలు, వాటి మధ్య వంక అని రాసి ఉంది. దాని నకలు తీసుకోవడానికి నాకు అయిన ఖర్చు ఒక సినిమా టికెట్టంత కూడా లేదు. ఇప్పుడు గేటు దగ్గర అడుగున్నర ఎత్తు కట్ట కట్టించాం, పంచాయతీ వాళ్లు కాలవ తవ్వించారు. అయినా నవంబర్ వస్తే రాత్రుళ్లు సరిగా నిద్రపట్టదు.

కాగితాలు: అద్దెకు వచ్చేవాళ్లు దాటేయొచ్చు, కొనేవాళ్లు దాటేయకండి

మొదట కొలత. మనవైపు స్థలాలు అంకణాల్లో అమ్ముతారు. తిరుపతి వైపు అంకణం అంటే 36 చదరపు అడుగులు, అంటే 4 గజాలు. సెంటుకు 12 అంకణాల పైచిలుకు. వేరే ప్రాంతాల్లో అంకణం అంటే 72 అడుగుల లెక్క కూడా ఉంది. కాబట్టి బేరంలో అంకణం అనగానే ఎన్ని అడుగుల అంకణం అని అడిగి, మొత్తాన్ని గజాల్లో రాయించుకోండి.

తర్వాత ఆ నేల ఎవరిది? మన చుట్టుపక్కల డీకేటీ భూములు చాలా ఉన్నాయి. అంటే ప్రభుత్వం పేదలకు సాగుకోసమో ఇంటికోసమో ఇచ్చిన పట్టాలు. 1977 చట్టం ప్రకారం వాటిని అమ్మకూడదు, కొనకూడదు. 2023లో, ఇచ్చి 20 ఏళ్లు దాటిన సాగు భూములకు హక్కు కల్పిస్తూ చట్టాన్ని సవరించారు. మళ్లీ 2024లో అలా ఫ్రీహోల్డ్ అయిన భూముల రిజిస్ట్రేషన్లు ఆపి పరిశీలన పెట్టారు. కాబట్టి "ఇరవై ఏళ్లు దాటింది, ఏం టెన్షన్ లేదు" అని ఎవరైనా అంటే అక్కడే ఆగి, ఆ సర్వే నంబరు 22ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందో లేదో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చూసుకోండి. టీటీడీ భూములు, హథీరాంజీ మఠం భూములు కూడా తిరుపతి చుట్టూ ఉన్నాయి. దేవుడి మాన్యం మీద ఇల్లు కట్టి తర్వాత కోర్టుల చుట్టూ తిరిగే కుటుంబాల బాధ చూస్తే కడుపు తరుక్కుపోతుంది. నోటరీ మీద, స్టాంపు పేపరు మీద రాసిచ్చే స్థలం ఎంత చవకైనా తీసుకోవద్దు.

లేఅవుట్ అయితే తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) ఇచ్చిన ఎల్పీ నంబరు, అంటే లేఅవుట్ అనుమతి నంబరు, అడగండి. "పంచాయతీ అప్రూవల్ ఉంది, సర్పంచి సంతకం ఉంది" అంటే సరిపోదు, లేఅవుట్‌కు ప్లానింగ్ అనుమతి కావాలి. అది లేకపోతే బ్యాంకు లోను దగ్గర ఇబ్బంది, ఇల్లు కట్టేటప్పుడు ప్లాను దగ్గర ఇబ్బంది. ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే సర్టిఫికెట్) కనీసం 30 ఏళ్లకు తీయండి. లింకు డాక్యుమెంట్లు (ముందు జరిగిన అమ్మకాల పత్రాలు), 1బి (భూమి హక్కుల రికార్డు), ఆర్‌ఎస్‌ఆర్ (పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టరు), ఎఫ్‌ఎంబీ, గ్రామ మ్యాపు, అన్నీ పక్కపక్కన పెట్టుకుని చదవండి. చదవడం రాకపోతే ఒక వకీలుకు ఫీజిచ్చి చదివించుకోండి. అమ్మేవాళ్లు చూపించిన వకీలు కాకుండా మీరు వెతుక్కున్న వకీలు అయి ఉండాలి.

పాత ఊళ్లో ఇల్లు కొనేవాళ్లకు వేరే చిక్కు. అక్కడ గ్రామకంఠం స్థలాలు, అంటే పాతకాలం నుంచి ఊళ్లో ఇళ్లకోసం వదిలిన నేల, ఉంటాయి. తాతల నుంచి అనుభవం ఉంటుంది గానీ విడిగా పత్రం ఉండదు. అన్నదమ్ముల పంపకాలు నోటిమాట మీద జరిగిపోయి ఉంటాయి. అమ్మే మనిషి ఎంత మంచివాడైనా, అతని అక్కచెల్లెళ్ల సంతకాలు కూడా ఉన్నాయో లేదో చూడాలి.

మంగళం

కరకంబాడి రోడ్డులో తిరుపతికి ఇంకా దగ్గరగా ఉండేది మంగళం. ఊరూ నగరమూ కలిసిపోయిన చోటు. రుయాకు, స్విమ్స్‌కు త్వరగా చేరొచ్చు. ఆటోలు ఎప్పుడూ ఉంటాయి. బడులు చాలా ఉన్నాయి. మా పెద్దాడు నడక నేర్చింది, అక్షరాలు దిద్దింది అక్కడే. మధ్యతరగతి, కూలిపని చేసుకునేవాళ్లు, ఉద్యోగులు అందరూ కలిసి ఉండే చోటు కాబట్టి కొత్తవాళ్లను ఎవరూ వేరుగా చూడరు.

ఇబ్బంది ఇరుకుతనం. ప్రభుత్వం ఇచ్చిన చిన్న స్థలాల్లో కట్టిన కాలనీలు ఎక్కువ. గోడకు గోడ తగిలి ఉంటుంది, గాలీ వెలుతురూ తక్కువ. అద్దెకు ఉండటానికి అది పెద్ద సమస్య కాదు. కొనడానికి మాత్రం పైన చెప్పిన పట్టాల సంగతి ఇక్కడ మరీ ముఖ్యం, ప్రతి ఇంటికీ విడివిడిగా చూడాలి. ఫ్యాక్టరీకి దూరం కొంచెం పెరుగుతుంది, షిఫ్టు బస్సు ఉంటే సరిపోతుంది.

తిరుచానూరు వైపు

మా చెల్లెలు అక్కడ ఉంటుంది కాబట్టి తెలిసినంత చెబుతాను. పద్మావతి అమ్మవారి నీడన ఉండటం చాలామందికి అన్నిటికంటే పెద్ద సంగతి, మా అమ్మ ఊరి నుంచి వస్తే నా ఇంట్లో రెండు రోజులు, చెల్లెలి ఇంట్లో పది రోజులు. యాత్రికుల వల్ల రోడ్లు, బస్సులు, హోటళ్లు అన్నీ బాగుంటాయి. కార్తీక బ్రహ్మోత్సవాలకు, ముఖ్యంగా పంచమి తీర్థం రోజున, బండి కదలదు. ఆ వారం షిఫ్టుకు గంట ముందు బయల్దేరాలి. స్థలాల ధరలు కూడా ఫ్యాక్టరీ జీతగాడికి అందడం కష్టం. స్వర్ణముఖి ఒడ్డు వీధుల్లో మాత్రం తీసుకోవద్దు. 2021లో ఆ ఏరు ఒడ్డును కోసుకుంటూ ఇళ్లను ఎట్లా పడగొట్టిందో అందరం చూశాం.

పక్కపక్కన పెట్టి చూస్తే

| చూడాల్సింది | రేణిగుంట | కరకంబాడి | మంగళం | తిరుచానూరు వైపు |
|---|---|---|---|---|
| షిఫ్టు దారి | అన్నిటికంటే దగ్గర, లారీలతో జాగ్రత్త | దగ్గర, లోపలి లేఅవుట్లలో చీకటి | షిఫ్టు బస్సు ఉంటే సులువు | ఉత్సవాలప్పుడు కష్టం |
| నీళ్లు | వీధిని బట్టి ఉప్పు నీళ్లు | బోర్లు, వేసవిలో అడిగి చూడాలి | కాలనీని బట్టి | కాలనీని బట్టి |
| వాన భయం | పల్లపు వీధుల్లో | వంకల మీది లేఅవుట్లలో ఎక్కువ | మురుగు కాలవ సరిగా లేనిచోట | స్వర్ణముఖి ఒడ్డున ఎక్కువ |
| కాగితం | ఫ్లాటుకు ఎత్తు అనుమతి చూడాలి | డీకేటీ, లేఅవుట్ అనుమతి | ప్రభుత్వ పట్టాలు | దేవాలయ భూములు |
| బడి, ఆస్పత్రి | తిరుపతికి పోవాలి | పావుగంట పైన | అన్నిటికంటే మేలు | మేలు |

పట్టికలో "వీధిని బట్టి", "కాలనీని బట్టి" అని ఎక్కువసార్లు కనబడుతోంది. అది తప్పించుకోవడానికి రాసింది కాదు. ఈ ఊళ్ల తీరే అది, వంద గజాల దూరంలో బోరు రుచి మారిపోతుంది.

ఎవరికి ఏది

పెళ్లికాని వాళ్లు, ఉద్యోగం పర్మనెంట్ అవుతుందో లేదో తెలియనివాళ్లు రేణిగుంటలో అద్దెకు ఉండండి. రెండేళ్లు డబ్బు వెనకేసుకోండి. చేరిన ఏడాదికే ప్లాటు వాయిదాలు కట్టడం మొదలుపెట్టి, కంపెనీ మారాల్సి వచ్చి మధ్యలో వదిలేసినవాళ్లు నాకు తెలిసి చాలామంది.

కొత్తగా పెళ్లయినవాళ్లకు, బడికి పోయే పిల్లలున్నవాళ్లకు, ఇంట్లో మందుల మీద ఉన్న పెద్దవాళ్లుంటే మరీ, మంగళంలో అద్దె. ఇరుకని వెనకాడొద్దు, ఆస్పత్రి దగ్గర ఉండటం ఆ ఇరుకుకు తగిన విలువే.

భార్యాభర్తలిద్దరూ సంపాదిస్తూ, ఇక్కడే స్థిరపడాలని గట్టిగా అనుకున్నవాళ్లు కరకంబాడి చూడండి. ఇది పంచాయతీ కాబట్టి ఇంటి పన్ను తక్కువ, అదే కారణంగా మురుగు కాలవలు, వీధి దీపాలు, చెత్త బండి కూడా అంతంతమాత్రం. చుట్టూ పంచాయతీలను తిరుపతి కార్పొరేషన్‌లో కలుపుతారన్న మాట ఎప్పటినుంచో వింటూనే ఉన్నాం. దాన్ని నమ్మి ఎక్కువ ధర పెట్టొద్దు. ఈ రోజు ఆ వీధి ఎట్లా ఉందో దానికి తగ్గ ధరే ఇవ్వండి.

అద్దెలకు ఇవ్వడానికే కొనేవాళ్లు పొలాల మధ్య ప్లాటు కంటే పాత ఊరికి ఆనుకుని ఉన్న చిన్న ఇల్లు చూడటం మంచిది. షిఫ్టు కుర్రాళ్లకు హోటలు, అంగడి, బస్సు స్టాపు నడిచే దూరంలో ఉండాలి, ప్రశాంతత వాళ్లు అడగరు.

ఏది ఎంచుకున్నా, అడ్వాన్సు ఇచ్చేముందు ఆ ఊళ్లో అరవై దాటిన మనిషిని ఒకర్ని పట్టుకుని మాట్లాడండి. మేకలు కాచేవాళ్లు, చెరువు నీళ్లు పొలాలకు వదిలే పాత నీరుకట్టు పనివాళ్లు, గుడి దగ్గర కూర్చునే అవ్వలు. "ఈ జాగాలో ముందు ఏముండేది? చెరువు నిండి మరవ పోతే నీళ్లు ఎటుపోయేవి? ఈ వీధికి పాత పేరేంటి?" అని అడగండి. పేరులో గుంట, వంక, కయ్య, మడుగు వస్తే ఇంకో పదిమందిని అడగండి. ఆ ముసలమ్మ నాకు ఒక్క వాక్యంలో చెప్పిన సంగతి ఏ బ్రోచర్లోనూ లేదు.

బామ్మర్దికి మంగళంలో రెండు గదుల పోర్షన్ మాట్లాడాం, శ్రావణంలో దిగుతారు. స్థలం మాత్రం కరకంబాడి పాత ఊరికి పైన, మిట్ట మీద ఒకటి చూశాం. ఎఫ్‌ఎంబీలో వంక లేదు, 22ఎలో నంబరు లేదు, ఈసీ తీయడానికి ఇచ్చాం. అయినా కార్తీకంలో మొదటి గట్టి వాన పడిన మర్నాడు పొద్దున్నే వచ్చి ఆ వీధిలో నిలబడి చూస్తాం, అంతదాకా అడ్వాన్సు ఇవ్వలేమని ఓనరుకు చెప్పాం. ఆయన కాసేపు ఆలోచించి, "రాండి, గొడుగు తెచ్చుకోండి, నేనూ వస్తా" అన్నాడు.